పాలు తేనెలు లేని బల్ల

ధ్యానభాగములు: రోమా 14వ అధ్యాయము, గలతీ 2:11–14, యోనా 4:11

మా చిన్న మంగళారమువారికి విదేశములకు పోవువారిని చూచుట క్రొత్త కాదు. మా మొయినాబాదు మండలములోనే చిలుకూరు ఉన్నది. వీసా కోరి పట్నమునుండి వచ్చు యౌవనులు అచ్చటి గుడిలో 11 ప్రదక్షిణములు చేయుదురు. కోరిక తీరినవారు మరల వచ్చి 108 చేయుదురు. చేవెళ్ల రోడ్డున మఱ్ఱిచెట్ల నీడను టమాట బుట్టలు దించుకొని, బండి కొరకు కాచుకొనియుండి, వారి కారులు పోవుట ఎన్ని యేండ్లు చూచితిమో! మేము కూడ ఒకనాడు సముద్రములు దాటి పోదుమనియు, అచ్చట ఒక పూట భోజనమునకు కూర్చుండి మనస్సు కలతపడి తిరిగి వత్తుమనియు ఎన్నడును తలంచలేదు.

గత వేసవిలో మేమిద్దరము ఇంగ్లండు దేశములోని మాంచెస్టరు పట్టణమునకు పోయితిమి. మా కుమార్తె అచ్చట ఉద్యోగము చేయుచున్నది. ఈ సంగతి సంఘ పత్రికలో వ్రాయనేల అని మీరు అడుగవచ్చును. మేము తిరిగి వచ్చిన మొదటి ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, సంఘములోని ఒక పెద్దాయన అందరి యెదుట, “ఏమయ్యా, మీరు కూడ మడి కట్టుకొని వచ్చినారంట గదా!” అని నవ్వెను. మేమును నవ్వితిమి. అయితే ఆ మాట మాత్రము మాలో ముల్లువలె నిలిచిపోయెను.

సంగతి యేమనగా, మా కుమార్తె మూడేండ్లుగా మాంసము, చేపలు, గ్రుడ్లు మానినది. అంతటితో ఆగక పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడ మానినది. ఇట్టివారిని వీగన్లు అందురు. ఆ పేరు పాతది కాదు. 1944 నవంబరులో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ అను వడ్రంగిపని నేర్పు ఉపాధ్యాయుడు, పాలు గ్రుడ్లు కూడ ముట్టని శాకాహారుల కొరకు ఒక సంఘమును స్థాపించెను. శాకాహారి అను ఆంగ్లపదములోని మొదటి మూడు అక్షరములను, చివరి రెండు అక్షరములను కలిపి దానికి పేరు పెట్టిరి. ఆయన చిన్నవాడై యుండగా బంధువుల పొలములో పందిని కోయుట చూచెనట. అది ఆయన మరచిపోలేదు. 2005లో, 95 యేండ్ల వయస్సున మరణించెను.

అంతకుముందు క్రిస్మసుకు మా కుమార్తె ఇంటికి వచ్చినప్పుడు తల్లి వండిన మాంసము ముట్టలేదు. సరే అనుకొంటిమి. పెరుగు కూడ వద్దనెను. ఆ రాత్రి మా ఇంటి ఆమె పొయ్యి యెదుట కూర్చుండి కన్నీరు పెట్టుకొనెను. పట్టణపువారికి ఇది చిన్న సంగతిగా కనబడును గాని మన సంఘములవారికి ఆ కన్నీటి అర్థము తెలియును. మన గ్రామములలో “నేను తినను” అను మాటకు తరతరములుగా ఒకటే అర్థము: “నీ చేతిది తినను, నీతో కూర్చుండి తినను” అని. మన తాతలు తినిన దానినిబట్టి వారిని ఊరి వెలుపల ఉంచిరి. నేటికిని హైదరాబాదులో కొన్ని వీధులలో మాంసము తినువారికి ఇల్లు అద్దెకు ఇయ్యరు. అట్టి మాట కన్నబిడ్డ నోట వచ్చినయెడల తల్లి యేమని తలంచును?

మాంచెస్టరులో మూడవ దినమున కుమార్తె మమ్మును ఒక వీగన్ హోటలుకు తీసికొనిపోయెను. మేము గుమ్మమువద్దనే నిలిచిపోయితిమి. మనస్సులోని దానిని దాచనేల? శాకాహారుల హోటలు అనగానే మాకు పాత భయము కలిగెను. మా తండ్రి పట్నము దారిలో ఒక హోటలు బయట నిలుచుండి, గోడ సందులో వేరుగా పెట్టిన గ్లాసును తీసికొని, టీ త్రాగి, తానే కడిగి అచ్చటనే పెట్టినవాడు. ఆయన చేయి పట్టుకొని మేము చూచితిమి.

లోపల ఎవరును మా వైపు అట్లు చూడలేదు. ప్రక్క బల్లవద్ద చేతులనిండ పచ్చబొట్లు పొడిపించుకొనిన ఒక లావుపాటి మనిషి తన ముసలితల్లితో కూర్చుండి సూపు త్రాగుచుండెను. నిన్న మీరేమి తింటిరని గాని, మీరెవరివారని గాని మమ్మును అడిగినవారు లేరు. వడ్డించిన పిల్లవాడు తన ఇంటిలో కోడికూర తినువాడేనని కుమార్తె తరువాత చెప్పెను. అది విని మాకు ఆశ్చర్యము కలిగెను, కొంత ఊరటయు కలిగెను.

వంటకములను గూర్చి కొంచెము చెప్పవలెను. పనసకాయను పీచు పీచుగా చీల్చి, మసాలా పట్టించి, మాంసమువలె రొట్టెలో పెట్టి ఇచ్చిరి. తోటలో కాసిన పనసకాయ ఇంతదూరము వచ్చి మాంసపు వేషము వేయవలసి వచ్చెనే అని మాకు జాలి కలిగెను. ఉడికించిన శనగలను నువ్వులతో కలిపి నూరిన ముద్ద ఒకటి ఉండెను. అది ప్రభువు సంచరించిన దేశములో నేటికిని తినునది. జీడిపప్పును నానబెట్టి, రుబ్బి, పులియబెట్టి చీజువలె చేసిరి. టీలో ఓట్సు పిండిన పాలు పోసిరి. దానిని గూర్చి మేము ఏమియు చెప్పము. “పాలు తేనెలు ప్రవహించు దేశము కొరకు ఇశ్రాయేలీయులు 40 యేండ్లు నడచిరి. నీవేమో ఆ రెండును లేని చోటికి మమ్మును విమానమెక్కించి తెచ్చితివి” అంటిమి. ఆమె చాలసేపు నవ్వెను.

తల్లి మాత్రము నవ్వలేదు. “జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారము, పచ్చిపులుసు. మా అమ్మ బ్రదుకంత తిన్నది ఇదే గదా! బర్రె ఉన్నా పాలు అమ్మకానికే పోయినవి. దానికి ఇంగ్లీషు పేరు పెట్టి, ఇంత పైకము పోసి తినవలెనా?” అనెను. పైకము ఎంతయో మేము అడిగితిమి; కుమార్తె చెప్పలేదు. “అవ్వకు వేరే దారి లేదు అమ్మా, నాకు ఉన్నది. ఉన్నప్పుడు ఏమి చేయవలెనన్నదే నా ప్రశ్న” అని మాత్రము అనెను. ఆమె ఆరోగ్యమును గూర్చి తల్లి అడుగగా, మొక్కల ఆహారములో బి12 అను విటమిను దొరకదనియు, దాని కొరకు మాత్ర వేసికొనుచున్నాననియు చెప్పెను.

అప్పుడు మేము ఒక తప్పు ప్రశ్న అడిగితిమి. “మాంసము సంగతి సరే, పాలేమి పాపము చేసినవి? బర్రెను చంపి పిండుచున్నామా?” అంటిమి. కుమార్తె మెల్లగా, “మన బర్రె మగదుడ్డెను ఈనినప్పుడు దానికేమాయెను నాయనా?” అనెను.

ఆ బల్లవద్ద మేము తల వంచుకొంటిమి. మగదుడ్డె పాలియ్యదు, దుక్కికి ఎద్దులున్నవి. దానికి రెండు చుక్కలు విడిచి తల్లినుండి లాగి కట్టివేసెడివారము. అది ఎండి ఎండి ఒకనాడు లేవదు. దుడ్డె లేనిదే బర్రె చేపదు గనుక, చచ్చిన దుడ్డె తోలు ఒలిపించి, దానిలో వరిగడ్డి కూరి కుట్టించి, బర్రె ముందర నిలిపెడివారు. బర్రె దానిని తన బిడ్డయే అనుకొని నాకుచుండెడిది. అది నాకుచుండగా చెంబు పట్టుకొని కూర్చున్నది మేమే. అప్పటికి మాకు పదేండ్లు. ఆ పాలు అమ్మినగాని ఇంటికి బియ్యము రావు. ఆ సంగతియు నిజమే. అయినను నలుబది యేండ్లుగా తలంచని ఆ గడ్డి దుడ్డె పరదేశములో, ఎవరో కట్టిన హోటలులో మా కన్నుల యెదుటికి వచ్చి నిలిచెను. మేకపిల్లను దాని తల్లి పాలలోనే వండకూడదను నిర్గమకాండములోని ఆజ్ఞను సండేస్కూలులో పిల్లలకు ఎన్నిసార్లు వివరింపక దాటించితిమో! దానిలో వివరించుటకు ఏమున్నదని అనుకొంటిమి.

ఓడిపోయినవాడు వాక్యమును పట్టుకొనును. మేమును ఆ ప్రకారమే చేసితిమి. యొప్పేలో పేతురు చూచిన దర్శనము చెప్పితిమి. తిరిగి లేచిన ప్రభువు శిష్యుల యెదుట కాల్చిన చేపను తినెనని చెప్పితిమి. జలప్రళయము తరువాత నోవహుకు మాంసము తిన సెలవు దొరకెనని చెప్పితిమి. కడపట రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయమును తీసి, కూరగాయలు మాత్రమే తినువానిని అపొస్తలుడు విశ్వాసములో బలహీనుడని పిలిచెనని కొంత గర్వముగానే చెప్పితిమి.

కుమార్తెకు కోపము రాలేదు. “నేను బలహీనురాలినే అనుకొనుడి నాయనా. మరి బలవంతులు ఏమి చేయవలెనని వ్రాసి ఉన్నది?” అనెను.

దానికి మాయొద్ద జవాబు లేకపోయెను. ఆ రాత్రి నిద్రరాక ఆ అధ్యాయమును మరల చదివితిమి. తినువాడు తిననివానిని తృణీకరింపరాదు. తిననివాడు తినువానికి తీర్పు తీర్చరాదు. ఈ రెండును సరిసమానములుగా కనబడును గాని, చదువుకొలది బరువంతయు బలవంతుని భుజముమీదికే వచ్చుచున్నది. ఇది మాకు చాల యేండ్లు తెలియకపోయెను. ఏలయనగా ఆ అధ్యాయమును మేము ఎల్లప్పుడు ఇతరులకే చదివి వినిపించితిమి.

ఇంకొక మాట కూడ నిష్కపటముగా చెప్పుట మంచిది. ఆనాడు మాంసమును చూచి భయపడినవారి తలంపు వేరు. అది విగ్రహములకు అర్పింపబడినదేమో, ధర్మశాస్త్రము నిషేధించినదేమో అని వారు వెనుదీసిరి. మా కుమార్తె ప్రశ్న అది కాదు. ఆమెకు ఆ మాంసము అపవిత్రము కాదు. ఆ జంతువు బాధపడినదా అనియే ఆమె అడుగుచున్నది. ఆ ప్రశ్నకు రోమా పత్రికకంటె యోనా గ్రంథములో ఎక్కువ వెలుగు ఉన్నదని మాకు తోచుచున్నది. నీనెవెను ఎందుకు విడిచిపెట్టితినో దేవుడు ప్రవక్తకు చెప్పునప్పుడు కుడియెడమలెరుగని జనులను లెక్కించి, ఆ లెక్కను పశువులతో ముగించెను. ఆ గ్రంథము ఆ పశువులతోనే ముగియుచున్నది. నీతిమంతుడు తన పశువు ప్రాణమును ఎరిగియుండునని సామెతల గ్రంథము 12వ అధ్యాయములో ఉన్నది. ఏదెను తోటలో నరునికి మొదట ఇయ్యబడిన ఆహారము గింజలు, పండ్లు. వీటినన్నిటిని చదివిన తరువాత మాంసము పాపమని చెప్పుటకు మాకు అధికారము దొరకలేదు. అయితే ఆమెను చూచి నవ్వుటకును దొరకలేదు.

మాంచెస్టరుకు ఏటి అవతలనే సాల్ఫర్డు అను ఊరు ఉన్నది. మరునాడు అచ్చటికి పోయినప్పుడు కుమార్తె ఒక చరిత్ర చెప్పెను. 1809లో ఆ ఊరిలో విలియం కౌహర్డ్ అను బోధకుడు బైబిల్ క్రిస్టియన్ చర్చి అను సంఘమును స్థాపించి, సభ్యులు మాంసమును మద్యమును విడువవలెనని బోధించెను. ఆయన ఇంటిపేరునకు పసులకాపరి అని అర్థము. ఇది మేము కల్పించినది కాదు. ఆయన పేదలకు కూరగాయల సూపు పోయించెడివాడు. ఆ సంఘమువాడైన జోసెఫ్ బ్రదర్టన్ 1832లో సాల్ఫర్డునుండి పార్లమెంటునకు ఎన్నికై, 1847లో రామ్స్‌గేటులో ఇంగ్లండు శాకాహారుల సంఘము పుట్టిన సభకు అధ్యక్షత వహించెను. ఆయన భార్య అంతకుముందే మాంసము లేని వంటల పుస్తకము వ్రాసెను. 1888లో చదువుకొరకు లండను వచ్చి, ఆకలితో తిరిగి తిరిగి ఫారింగ్డన్ వీధిలో ఒక శాకాహార హోటలు కనుగొని, ఆ దేశములో మొదటిసారి కడుపునిండ తినిన గాంధీగారికి ఆశ్రయమిచ్చిన పంట విత్తనములలో కొన్ని ఒక చర్చిలో చల్లబడినవని మేము అంతవరకు ఎరుగము. శాకాహారమనగా మనకు ఎదురుగా నిలిచిన గోడ అనియే ఎంచితిమి. అది సాల్ఫర్డులో సూపు గిన్నెగా కూడ ఉండెనని తెలిసినది. ఆ సంఘము నేడు లేదు.

మేమును ఊరకుండలేదు. ఆ జీడిపప్పు చీజును గూర్చి అడిగితిమి. మన పలాసలో జీడిగింజలు కొట్టు స్త్రీలను చూచినవారికి తెలియును: ఆ పెంకులోని నూనె చర్మమును కాల్చును. “జంతువు బాధపడని అన్నములో మనిషి బాధపడలేదని నీవెట్లు చెప్పుదువు బిడ్డా?” అంటిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, “అది నేను అడగలేదు, అడుగవలసినదే” అనెను. మా చేవెళ్ల టమాటలకు కూడ ధర పడిపోయిన యేట వాటిని రోడ్డుప్రక్కన పారబోసినవారి ఏడుపు అంటియున్నది. కన్నీరు లేని విస్తరి ఎక్కడ ఉన్నదో మాకు తెలియదు.

ఇంకొకటి. మన పల్లెలో మేక అనగా విధవరాలి బ్యాంకు. ఆస్పత్రి ఖర్చు వచ్చినను, పిల్లవాని ఫీజు వచ్చినను ఆమె అమ్ముకొనునది దానినే. 2017లో తెలంగాణ ప్రభుత్వము గొల్లకురుమ కుటుంబములకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతము సబ్సిడీతో ఇచ్చు పథకమును ఆరంభించినది. 2014 నాటి సర్కారు సర్వేలో మన రాష్ట్రమున పెద్దవారిలో నూటికి 98 మందికి పైగా మాంసము తినువారే. వీరందరిని ఒక్కమాటతో నిర్దయులనుట అన్యాయము. కుమార్తె అట్లు అనలేదు. అది ఆమె మేలు.

ఇక మమ్మును నిజముగా కలతపెట్టినది ఆమె వివాహము. సంక్రాంతి తరువాత పెండ్లి నిశ్చయమై యుండెను. వరుడు వికారాబాదు తట్టువాడు, అచ్చటనే ఉద్యోగి, మాంసము తినువాడు. వారిద్దరి మధ్య ఆ సంగతి ఎప్పుడో తేలిపోయినది. తేలనిది మా మధ్యనే. “నా పెండ్లికి ఏ ప్రాణము పోవద్దు” అని ఆమె కోరెను. మన పెండ్లిలో మాంసము లేకపోయినచో ఏమగునో మీకు చెప్పనక్కరలేదు. ఏడాదికి మూడు నాలుగు సారులు మాంసము రుచిచూచు కూలివారు మన సంఘములో ఉన్నారు. వారు ఆ విందు కొరకు నెలలుగా ఎదురుచూతురు. పప్పన్నము పెట్టి పంపినయెడల, పైకము కూడగానే వీరు మనలను మరచిరందురు. మేనమామ పొట్టేలు తెచ్చుట మా ఇంట ఆచారము కూడ. మేము మాట ఎత్తగానే ఆయన, “నేను తెచ్చేది మీకు అక్కరలేదా బావా?” అని లేచిపోయెను.

ఆ రోజులలోనే గలతీ పత్రిక రెండవ అధ్యాయము మాకు క్రొత్తగా కనబడెను. అంతియొకయలో పౌలు పేతురును ముఖాముఖిగా ఎదిరించెను. పేతురు ఏమి తినెనని ఆయన అడుగలేదు. అన్యజనులతో కూర్చుండి తినుచుండినవాడు, యెరూషలేమునుండి కొందరు రాగానే లేచిపోయెను. ఆ బల్లను విడిచిపోవుటయే ఆయన చేసిన తప్పు. మా తండ్రి గ్లాసును గోడ సందులో పెట్టినవారును ఆ బల్లనే విడిచిరి. అయితే మా కుమార్తె ఏ బల్లను విడువలేదు. మూడేండ్లనుండి ఆమె మాతోనే కూర్చుండుచున్నది. మేమే ఆమె విస్తరిని చూచుచు ఆమె ముఖమును చూడకపోతిమి.

చివరికి ఆమెయే మేనమామకు ఫోను చేసెను. “మామా, నీవు తెచ్చేదానిని నేను కాదనను. నా విస్తట్లో మాత్రము వేయించకు. నేను నీ ప్రక్కనే కూర్చుంటాను” అని చెప్పెనట. ఆయన కొంతసేపు మాటలాడక, “మరి నువ్వేం తింటవు బిడ్డా?” అని అడిగెనట.

ఇందులో మాకు సమాధానము లేని సంగతి ఒకటి ఉన్నది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఎనిమిదవ అధ్యాయమును చదివినచో, సహోదరుని నిమిత్తము విడువవలసినవారు బలవంతులు. మేము ఆమెను బలహీనురాలని పిలిచితిమి. తీరా విడిచినది ఆమెయే. కూలివారి ఆకలి నిమిత్తము అట్లు చేసితిమని మాకు మేము చెప్పుకొంటిమి. అది కొంత నిజము, కొంత ఊరి మాటకు భయము.

పెండ్లినాటి ఉదయము పొట్టేలు వేపచెట్టు క్రింద కట్టబడియుండెను. ఆమె ఆ దొడ్డివైపు రాలేదు. మేనమామ పొట్టేలుతో కూడ తన చేనిలోని వంకాయలు, చిక్కుడుకాయలు, టమాటలు రెండు గంపలు తెచ్చెను. నెయ్యి తగులకుండ వేరే గంటెతో, వేరే గుండిగలో వండించుటకు మా ఇంటి ఆమె తానే పొయ్యివద్ద నిలిచెను. చర్చిలో వివాహము ముగిసిన తరువాత ఒకే పందిరిలో ఒకే వరుసను అందరును కూర్చుండిరి. ఆమెకు కుడిప్రక్క మేనమామ, ఎదురుగా మేమిద్దరము. ఆ పూట మేము ఆమె తినినదే తింటిమి. మడి మాట అనిన పెద్దాయన ఆమెకు ఎడమప్రక్కను వచ్చి కూర్చుండి, తన విస్తట్లోని మాంసము సగము కాకముందే, ఆ వంకాయకూర ఇటు తెమ్మని వడ్డించువానిని రెండుసారులు కేకవేసెను.